నైలు ఒడ్డున లేని గొర్రు

ఈజిప్టులో దైర్ అల్ మదీనా అనే చోట సెన్నెజెమ్ సమాధి ఉంది. రాజుల సమాధులు కట్టిన పనివాడాయన. సుమారు 3,200 ఏళ్ల కిందటి ఆ సమాధి గోడ మీద ఆయన నాగలి దున్నుతుంటాడు, వెనక భార్య విత్తనం చల్లుతూ నడుస్తుంటుంది. ఆ బొమ్మను అలంపూర్ రైతుకు చూపిస్తే ఒక్క ముక్క చెప్పాల్సిన పని లేదు. మేడి, కాడి, జత ఎద్దులు, వెనక ఇంటావిడ, అన్నీ ఎరిగినవే. కానీ చేత్తో అలా చల్లేస్తే సాలు ఎట్లా వస్తుందని మాత్రం తప్పకుండా అడుగుతాడు.

కృష్ణా తుంగభద్రల నడుమ అలంపూర్ ఉన్న నేల నడిగడ్డ. అక్కడి వ్యవసాయం గొప్పతనమంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

నైలు నది ఏటా పొంగి, ఒండ్రు పరిచి, తీసేది. ఆ మెత్తటి బురదలో తేలికపాటి కొయ్య నాగలి చాలు. విత్తనం చల్లి, గొర్రెలనో మేకలనో తోలి తొక్కిస్తే భూమిలోకి దిగేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల నేలకు అంత భాగ్యం లేదు. నదులు దగ్గరే ఉన్నా, కాలువలు రాకముందు చేలన్నీ మొగులు వైపు చూసినవే. ఏడాదికి 600 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వాన, అదీ వరుసగా పడదు. చెల్కలో వాన వెలిసిన రెండు మూడు రోజులకే పదును పోతుంది. పైపైన చల్లిన గింజ ఎండకు మాడుతుంది, లేదా పిట్టల పాలవుతుంది. గింజ తడి తగిలే లోతుకే దిగాలి, అదీ పదును ఆరేలోపు చేనంతా పూర్తి కావాలి. ఈ రెండు అవసరాలనూ తీర్చేది విత్తే గొర్రు.

అడ్డంగా ఒక బరువైన కొయ్య దిండు, దానికి మూడో నాలుగో పళ్లు. ఒక్కో పంటికి వెనక బెజ్జం, ఆ బెజ్జంలో వెదురు గొట్టం. గొట్టాలన్నీ పైన ఒకేచోట కలిసి జడ్డిగంలో దిగుతాయి. జడ్డిగమంటే అడుగున పళ్లెన్నో అన్ని బెజ్జాలున్న చిన్న కొయ్యగిన్నె. విత్తనం పోసే ఆడమనిషి ఒడి నిండా గింజలు కట్టుకుని, గొర్రు వెంట నడుస్తూ, పిడికిలి సందుల్లోంచి జడ్డిగంలోకి వదులుతూ పోతుంది. చూడటానికి సులువుగానే ఉంటుంది. ఎద్దుల నడక వేగం, గింజ లావు, సాలు ఎడం, ఈ మూడింటి లెక్కా ఆమె వేళ్లలో ఉండాలి. సజ్జ సన్నగింజ, కాస్త వదిలితే వేలు పడతాయి. వేరుశనగ పప్పు పెద్దది, గొట్టంలో ఇరుక్కుంటుంది. తడిమట్టి పంటి బెజ్జాన్ని పూడ్చినా అంతే. ఆమె గమనించకుండా పది అడుగులు పోయిందా, వారం తర్వాత ఖాళీ సాలు ఊరందరికీ కనబడుతుంది. ఇంత నేర్పుకు మన కూలి లెక్కల్లో ఏనాడూ తగిన విలువ కట్టలేదు. అది నాకు కష్టంగా ఉంటుంది.

జొన్నలో కంది కలపాలంటే ఇంకో ఉపాయం. గొర్రుకు తాడుతో విడిగా ఒక గొట్టం కట్టి, దాని వెంట మరో మనిషి నడుస్తుంది. అన్ని సాళ్లలో జొన్న, ఎడంగా ఒక సాలులో కంది. జొన్న కోసుకున్నాక కంది నిలబడి కాస్తుంది, నేలకూ బలం ఇస్తుంది.

విత్తే నాగలి మెసపొటేమియా వాళ్లకూ ఉండేది, అయితే దానికి ఒకటే గొట్టం. ఇంగ్లండులో జెత్రో టల్ విత్తే యంత్రం చేసింది 1701లో. అదే శతాబ్దం చివర్లో బ్రిటిష్ కెప్టెన్ థామస్ హాల్‌కాట్ దక్షిణాది చేలల్లో గొర్రు చూసి ఆశ్చర్యపోయాడు. అది ఐరోపా వాళ్లు ఈమధ్య కనిపెట్టినదని అంతవరకూ ఆయన నమ్మకం. ఆయన రాసిన ఆ సంగతిని చరిత్రకారుడు ధరంపాల్ 1971లో తెచ్చిన పుస్తకంలో మళ్లీ అచ్చువేశాడు.

గొర్రు వేసిన సాలు తిన్నగా ఉంటేనే తర్వాతి పని సాగుతుంది. మొలక లేచాక సాళ్ల నడుమ దంతె తోలుతారు. పైరు మేయకుండా ఎద్దుల మూతికి చిక్కం కడతారు. ఇనుప పాస కలుపును వేళ్ల దగ్గర కోస్తూ, పైమట్టిని పొడి చేస్తూ పోతుంది. ఆ పొడిమట్టే కింది తడి ఆరిపోకుండా కాపాడుతుంది. వాన మొహం చాటేసిన ఏడాది ఒక దంతె తోలడం ఒక తడి ఇచ్చినంత పని చేస్తుందని పెద్దరైతులు అనేది ఉత్తమాట కాదు. చల్లిన చేలో ఈ పని కుదరదు.

నీళ్లు తోడే పనిలో మాత్రం ఈజిప్టుకూ మనకూ దగ్గరి చుట్టరికం. వాళ్ల షాదూఫ్, మన ఏతం ఒకే సూత్రం: పొడుగు వాసం, ఒక కొసన బరువు, ఇంకో కొసన బాన. ఏటి ఒడ్డున, లోతు తక్కువున్న చోట అది పనికొస్తుంది. ఇక్కడి బావుల లోతుకు మోటే గతి. తోలు బొక్కెనకు పైన మోకు, కింద తొండానికి సన్నతాడు. ఎద్దులు వాలులో దిగుతుంటే బొక్కెన పైకొచ్చి, తొండం దానంతటదే తొట్టిలోకి తెరుచుకుంటుంది. ఒంచడానికి మనిషి అక్కర్లేదు.

ఇవన్నీ ఊరి వడ్రంగి, కమ్మరి చేసినవే. ఏ రైతు ఎద్దులు ఎంత ఎత్తో, ఏ చేను చెల్కో రేగడో వాళ్లకు తెలుసు. అందుకే ఒక ఊరి గొర్రు పక్క ఊరి గొర్రులా ఉండేది కాదు. ఇప్పుడు ట్రాక్టరు వెనక ఇనుప గొర్రు వచ్చింది, గొట్టాలు ప్లాస్టిక్‌వి అయ్యాయి. పని సులువైంది, దానికి వగచాల్సిందేమీ లేదు. పాత కొయ్య గొర్రు చేయగల చేతులు కరిగిపోవడమే నష్టం. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉంది. ఈ మూడు జిల్లాల్లో మిగిలిన వడ్రంగుల చేత ఒక్కో పరికరం చేయించి, కొలతలు రాసి, అక్కడ ఒక గది నిండా పెట్టడం పెద్ద ఖర్చు కాదు. విత్తనం పోసిన పెద్దమ్మల చేతిపనిని వీడియో తీసి ఉంచడం ఇంకా చిన్న ఖర్చు. మీ ఇంటి అటక మీద జడ్డిగం ఉంటే దయచేసి పొయ్యిలో పెట్టకండి.