ఆరు లక్షల బస్తాలు ఎక్కేదాకా

విహారయాత్రల ఓడలు చాలావరకు పొద్దున రేవు చేరి సాయంత్రానికి కదిలిపోతాయి. బెర్ముడా లాంటి దీవి దగ్గర మాత్రం రెండు మూడు రోజులు కట్టేసి ఉంచుతారు. ఆ దీవి అమెరికా తీరానికి వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉంది. దగ్గరలో మరో రేవు లేదు. ఓడే హోటలు కాబట్టి ప్రయాణికులు గదులు వెతుక్కోనక్కర్లేదు. కాకినాడకు బియ్యం కోసం వచ్చే ఓడలు అంతకంటే ఎక్కువ కాలం నిలబడతాయి. ఒక్కో ఓడకు రెండు వారాలు పట్టడం వింతేమీ కాదు. ఇక్కడా కారణం ఒక దీవి దగ్గరే మొదలవుతుంది. ఆ దీవి నుంచి ఓడ అడుగున పరిచే చాప దాకా ఒక్కో మెట్టూ చూస్తే, అన్ని రోజులూ దేనికి ఖర్చవుతున్నాయో తెలుస్తుంది.

దీవి పేరు హోప్ ఐలాండ్. పేరుకు దీవే గానీ అది గోదావరి పోసిన ఇసుక. ధవళేశ్వరం దిగువన చీలిన గౌతమి పాయ యానాం మీదుగా వెళ్ళి, తెచ్చిన ఇసుకను సముద్రంలో వదిలేస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కెరటాలు ఒడ్డును ఏటవాలుగా కొడుతూ ఆ ఇసుకను ఉత్తరానికి నెడతాయి. రెండు వందల ఏళ్ళకు పైగా సాగిన ఈ పనిలో ఒడ్డుకు దూరంగా పదహారు కిలోమీటర్లకు పైగా పొడవైన ఇసుక దిబ్బ లేచింది. దానికీ కాకినాడకూ మధ్య చిక్కిన నీరే కాకినాడ అఖాతం. బంగాళాఖాతపు కెరటాల తాకిడిని ఆ దిబ్బ తన మీద వేసుకుంటుంది. సిమెంటు దిమ్మలు పేర్చి కట్టాల్సిన అడ్డుగోడను ఇక్కడ నది ఉచితంగా కట్టిపెట్టింది.

అయితే అదే నది అఖాతాన్ని పూడుస్తోంది కూడా. కోరంగి, గాడేరు పాయలు మడ అడవుల మధ్యగా వచ్చి అఖాతంలో మెత్తటి ఒండ్రు దింపుతాయి. నీరు ప్రశాంతంగా ఉంటుంది గానీ లోతు ఉండదు. ముప్పై వేల టన్నుల బియ్యం ఎత్తుకున్న ఓడకు పది మీటర్ల నీరు కావాలి. అది లోపలికి రాలేదు. హోప్ ఐలాండ్ ఉత్తరపు కొస అవతల, లోతు దొరికే చోట లంగరు వేస్తుంది. కాకినాడ యాంకరేజి పోర్టు అంటే ఇదే. ఓడ నిలిచేది నడి నీటిలో, సరుకు ఉండేది ఒడ్డున. ఈ రెంటినీ కలిపే పనిలోనే రోజులన్నీ గడుస్తాయి.

ఇది కొత్తగా వచ్చిన ఇబ్బంది కాదు. ఈ డెల్టాలో ఒకప్పటి పెద్ద రేవు కోరంగి. 1789లో, మళ్ళీ 1839లో ఉప్పెనలు దాన్ని ముంచెత్తాయి. మిగిలిన పని పూడిక పూర్తిచేసింది. వ్యాపారం కాకినాడకు మారింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక కాలువల మీద పడవలు సరుకును నేరుగా ఇక్కడికి తెచ్చాయి. 1860లలో అమెరికా అంతర్యుద్ధం వల్ల లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైనప్పుడు ఈ రేవు బాగా పుంజుకుంది. అప్పుడూ ఓడలు ఒడ్డుకు మైళ్ళ దూరంలోనే ఆగేవి. రంగం (రంగూన్) వెళ్ళే కూలీలు పడవల్లో వెళ్ళి స్టీమరెక్కేవారు. 1997లో డీప్ వాటర్ పోర్టు మొదలయ్యాక ఓడలు నేరుగా గట్టుకు ఆనుకునే వీలు వచ్చింది. బస్తా బియ్యం మాత్రం లంగరు దారినే పోతూ వచ్చింది. నెమ్మదిగా ఎక్కే సరుకుకు గట్టు అద్దె భారం. అక్కడ బొగ్గు, ఎరువుల లాంటివి త్వరగా దిగి చోటు ఖాళీ చేస్తాయి.

ముందు లంగరు సంగతి. బరువైన ఇనుము అడుగున పడి ఓడను ఆపుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆపేది బరువు కాదు, గొలుసు పొడవూ కొక్కేల పట్టూ. నీటి లోతుకు అయిదారు రెట్ల పొడవు గొలుసు వదులుతారు. అందులో చాలా భాగం బురద మీద పడుకుని ఉంటుంది. ఓడ ఎంత లాగినా ఆ లాగుడు లంగరుకు నేల వెంబడే అందుతుంది, పైకి అందదు. అందువల్ల లంగరు కొక్కేలు ఊడిరాకుండా ఇంకా లోతుకు దిగుతాయి. గోదావరి ఒండ్రు అఖాతానికి చేసిన నష్టంలో ఇదొక లాభం: మెత్తటి బురదలో కొక్కెం బాగా పాతుకుంటుంది. గాలి, నీటి వాలు మారినప్పుడల్లా ఓడ ఆ గొలుసు చివర నెమ్మదిగా తిరుగుతుంది.

ఇక ఒడ్డునూ ఓడనూ కలిపే బార్జీ. జగన్నాథపురం పక్కనున్న ఉప్పుటేరు కాలువ గట్ల మీద జెట్టీలున్నాయి. మండపేట, సామర్లకోట, తాడేపల్లిగూడెం వైపు మిల్లుల నుంచి లారీల మీద, ఛత్తీస్‌గఢ్ నుంచి రైళ్ళ మీద వచ్చిన బియ్యం గోదాముల్లోంచి ఇక్కడికి చేరుతుంది. ముఠా కూలీలు బస్తాను తల మీదికో వీపు మీదికో ఎత్తుకుని బల్ల మీదుగా బార్జీలోకి దిగుతారు. బార్జీకి అడుగు చదును, లోతు తక్కువ. నిండుగా ఉన్నా లోతులేని కాలువలో తేలాలి కాబట్టి అలా కడతారు. నిండాక పైన టార్పాలిన్ పట్టా బిగిస్తారు. ఒక్క కెరటం తుంపర పడినా ఆ బస్తా పనికిరాదు. తర్వాత సరంగు పోటు కోసం చూస్తాడు. ఇక్కడ పెద్ద పోటు కూడా మట్టాన్ని సుమారు ఒకటిన్నర మీటరే లేపుతుంది. కాలువ మొగలో మేట దాటడానికి నిండు బార్జీకి ఆ కాస్తే ఆధారం. పోటు మీద బయటికి లాగి, టగ్గు దాన్ని ఓడ దగ్గరికి చేరుస్తుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. యాభై కిలోల బస్తాల్లో ముప్పై వేల టన్నులంటే ఆరు లక్షల బస్తాలు. రోజుకు రెండు వేల టన్నులు ఎక్కాయనుకుంటే నలభై వేల బస్తాలు. అంటే పదిహేను రోజుల పని. బార్జీకి అయిదు వందల టన్నులనుకుంటే రోజుకు నాలుగు బార్జీలు ఓడ పక్కన ఖాళీ కావాలి. ఆ నాలుగూ ఖాళీ అయ్యేసరికి దారిలో మరో నాలుగు ఉండాలి, జెట్టీ దగ్గర ఇంకో నాలుగు నిండుతూ ఉండాలి. ఒక్క ఓడకు డజను బార్జీలు. ఓడలు నాలుగైదు ఉన్న రోజుల్లో ఈ వరస తప్పకుండా నడిపించడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. ఎక్కడ ఒక్కటి ఆలస్యమైనా చివర క్రేను ఖాళీగా నిలబడుతుంది.

ఆ క్రేన్లు ఓడవే. నడి నీటిలో గట్టు క్రేను ఉండదు కాబట్టి సొంత క్రేన్లున్న ఓడలే బియ్యానికి వస్తాయి. సాధారణంగా అయిదు హోల్డులు, అంటే సరుకు నింపే అరలు, వాటి మధ్య నాలుగు క్రేన్లు ఉంటాయి. బార్జీని తాళ్ళతో ఓడ పక్కకు కట్టి, మధ్యలో టైర్లు వేలాడదీస్తారు. బార్జీలో తాడు స్లింగు పరిచి దాని మీద బస్తాలు పేర్చి, చెవులు కలిపి కొక్కేనికి తగిలిస్తారు. ఇక్కడ చూడాల్సింది ఎత్తే క్షణం. కెరటానికి బార్జీ లేస్తుంది, పడుతుంది. పడిపోతున్నప్పుడు ఎత్తితే, తిరిగి లేచే బార్జీ అడుగునుంచి స్లింగును గుద్దుతుంది. బార్జీ కెరటం తలమీద ఉన్నప్పుడే క్రేను లాగాలి. అప్పుడు బార్జీ కిందికి జారిపోతుంది, బరువు శుభ్రంగా గాలిలోకి వస్తుంది. హోల్డు నోరైన హ్యాచ్ అంచున నిలబడ్డ సిగ్నల్‌మన్‌కు ఒకవైపు బార్జీ, మరోవైపు హోల్డు అడుగు కనిపిస్తాయి. పైన క్యాబిన్‌లో ఉన్న మనిషి అతని చేతిని చూసి పనిచేస్తాడు.

నా దృష్టిలో ఈ మొత్తం పనిలో గొప్పది హోల్డు లోపల జరిగేది. క్రేను బస్తాలను హ్యాచ్ నోటికి సూటిగా కిందే దించగలదు. కానీ హోల్డు హ్యాచ్ కంటే వెడల్పు. డెక్కు కింద దాగిన పక్కల్లోకి, మూలల్లోకి కొక్కెం పోదు. అక్కడికి బస్తా మనిషి మోసుకుపోవాల్సిందే. పని మొదలవకముందే హోల్డు కడిగి, ఆరబెట్టి, పాత సరుకు వాసన లేదని, తుప్పు పెళ్ళలు రాలడం లేదని తనిఖీ చేస్తారు. తర్వాత ఇనుప అడుగు మీద చాపలు, దళసరి కాగితం పరుస్తారు, గోడలకూ తొడుగు వేస్తారు. బస్తా ఇనుముకు తగలకూడదు. బియ్యంలో పధ్నాలుగు శాతం దాకా తేమ ఉంటుంది. పడమటి ఆఫ్రికాకు పోయే ఓడ దక్షిణాఫ్రికా చివరి చల్లటి నీటిలోకి వెళ్ళినప్పుడు బయటి ఇనుము చల్లబడుతుంది, లోపలి వెచ్చటి తేమ దాని మీద నీటిబొట్లుగా పట్టుకుంటుంది. ఆ బొట్లు తాకిన బస్తాకు బూజు పట్టి, పక్క బస్తాకు పాకుతుంది.

పేర్చడంలోనూ లెక్క ఉంది. ఒక వరస నిలువుగా, దాని మీది వరస అడ్డంగా వేస్తే బస్తాలు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సముద్రంలో ఓడ పక్కకు ఒరిగినప్పుడు ఆ గుట్ట జారదు. ఖాళీ వదిలితే మాత్రం అక్కడి నుంచే కదలిక మొదలవుతుంది. అందుకే మూలలు ముందు నిండాలి, నడుమ చివర నిండాలి. గాలి ఆడే సందులు కావాలనే వదలాలి, తక్కిన సందులు మూసేయాలి. ఏది ఏ సందో తెలిసిన మేస్త్రి ఉన్న హోల్డు వేరుగా కనిపిస్తుంది.

ఏ హోల్డులో ఎంత, ఏ వరసలో అన్నది చీఫ్ ఆఫీసరు ముందే కాగితం మీద వేస్తాడు. ముందరి, వెనకటి హోల్డులు నింపేసి మధ్యది ఖాళీగా ఉంచితే, కావడిబద్ద లాగే ఓడ రెండు కొసలూ కిందికి వంగి నడుము పైకి లేస్తుంది. మధ్యది మాత్రమే నింపితే నడుము కుంగుతుంది. రెండూ ఓడ ఉక్కును సాగదీసేవే. కనుక కొంచెం ఇక్కడ, కొంచెం అక్కడ నింపుతూ పోతారు. ఖాళీగా వచ్చేటప్పుడు నిలకడ కోసం మోసుకొచ్చిన బ్యాలస్టు నీటిని అదే వరసలో బయటికి పంపుతారు. ఈ ప్లాను వల్ల కూడా పని ఒకే హోల్డులో పరుగెత్తదు.

వాన పడితే హ్యాచ్‌లు మూసేయాలి. ఈశాన్య రుతుపవనాల కాలంలో ఆకాశం నల్లబడగానే పని ఆగుతుంది. ఓడ అద్దె ఒప్పందాల్లో దీనికో చోటుంది. సరుకు ఎక్కించుకోవడానికి సిద్ధమని కెప్టెన్ నోటీసు ఇచ్చాక లెక్కలోకి వచ్చే సమయం మొదలవుతుంది. వాన గంటలను మినహాయించే ఒప్పందమైతే, హ్యాచ్ ఎప్పుడు మూశారో, ఎప్పుడు తెరిచారో నిమిషాలతో సహా రాసుకుంటారు. ఒప్పుకున్న గడువు దాటితే రోజుకింత అని డెమరేజి పడుతుంది. ఎగుమతిదారుడు మబ్బును అంత శ్రద్ధగా చూడడానికి కారణం అదే.

ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది. ఓడలు ఎక్కువైతే బార్జీలు, చేతులు చాలవు, కొత్తగా వచ్చినవి వరుసలో నిలబడాలి. 2021 ఫిబ్రవరిలో రద్దీ వారాల తరబడి సాగితే, దశాబ్దాల తర్వాత మొదటిసారి డీప్ వాటర్ పోర్టు నుంచి కూడా బియ్యం పంపడానికి దారి తెరిచారు. బస్తాలు మానేసే వీలూ లేదు. కొనేవాళ్ళకు బెనిన్, టోగో, ఐవరీ కోస్ట్ లాంటి దేశాల్లో సంతల దాకా వెళ్ళే బస్తాలే కావాలి. అందుకే వదులుగా పోసి పంపే పద్ధతి ఈ సరుకుకు సరిపడలేదు.

చివరి బస్తా ఎక్కాక రెండు పనులు మిగులుతాయి. ఒకటి తూకం. టాలీ గుమాస్తాలు ఒక్కో స్లింగూ లెక్కపెట్టి రాసుకున్నారు. దాన్ని సరిచూడడానికి సర్వేయరు పడవలో ఓడ చుట్టూ తిరిగి ముందు, మధ్య, వెనక, రెండు పక్కలా మొత్తం ఆరు చోట్ల నీటి గుర్తులు చదువుతాడు. ఒక సీసాలో నీరు తీసుకుని సాంద్రత కొలుస్తాడు. గోదావరి నీరు కలిసిన సముద్రం తేలికగా ఉంటుంది, అందులో అదే ఓడ కాస్త లోతుకు దిగుతుంది. ఓడ బరువుతో కలిపి నలభై వేల టన్నుల లెక్కలో ఒక్క శాతం సాంద్రత తప్పుగా వేస్తే నాలుగు వందల టన్నులు తేడా వస్తుంది, అంటే ఎనిమిది వేల బస్తాలు. రెండోది పురుగు పట్టకుండా గ్యాసు పెట్టడం. హోల్డులు మూసి, అల్యూమినియం ఫాస్ఫైడ్ పెట్టి, సందులన్నీ బిగిస్తారు. తేమ తగిలి వెలువడే ఫాస్ఫీన్ మనిషికీ ప్రాణాంతకమే కాబట్టి ఈ పని తెలిసినవాళ్ళే చేయాలి.

ఆ తర్వాత గుడ్‌హోప్ అగ్రం చుట్టి బెనిన్‌లోని కొటొనూ చేరడానికి దాదాపు నెల. ఆ నెలలో హోల్డులోకి దిగి వరస సరిచేసేవారు ఉండరు.

కాకినాడ బీచికి వెళ్ళినప్పుడు, చేతిలో బైనాక్యులర్ ఉంటే, దూరాన ఉన్న ఓడల అడుగు రంగు గమనించండి. ఎర్రరంగు ఎక్కువగా కనిపిస్తున్నది కొత్తగా వచ్చింది. నీటికి దగ్గరగా దిగినది బయల్దేరబోతోంది. బ్యాలస్టు నీరు బయటికి పోయాక, రోజుకు రెండు వేల టన్నులు ఎక్కితే ఇంత ఓడ నలభై సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది. వారం తర్వాత అదే ఓడను మళ్ళీ చూడండి, ఆ తేడా కంటికే తెలుస్తుంది.