నిరీక్షణ బల్ల మీది మనుషులు

మన తెలుగు సినిమాల్లో ఆసుపత్రి దృశ్యం ఎలా ఉంటుందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వరండాలో నిలబడుతుంది. దీపం ఆరుతుంది. డాక్టరు బయటికి వచ్చి, కళ్ళద్దాలు తీసి, 24 గంటలు గడిస్తేగాని ఏమీ చెప్పలేమంటాడు. అక్కడ రోగి ఒక్కడే, డాక్టరు ఒక్కడే. వరుస లేదు, చీటీ లేదు, బల్ల మీద కాస్త చోటు కోసం వెతుకులాట లేదు. ప్రభుత్వాసుపత్రి అత్యవసర విభాగంలో ఒక్క రాత్రి గడిపినవారెవరికైనా తెలుసు, అక్కడి జీవితమంతా ఈ లేనివాటిలోనే ఉందని.

మన యువకులు చేతి ఫోనుతోనే చిన్న చిత్రాలు తీస్తున్న ఈ రోజుల్లో, ఆసుపత్రిని చిత్రించడమెలా అన్న ప్రశ్న తప్పక వస్తుంది. అందుకు పాఠంగా రెండు అమెరికన్ డాక్యుమెంటరీలను ఇక్కడ పరిశీలించదలచాము. ఒకటి, కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరపు హైలాండ్ ఆసుపత్రిని గురించి పీటర్ నిక్స్ తీసిన 'ది వెయిటింగ్ రూమ్' (2012). రెండవది, న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఆసుపత్రిని గురించి ఫ్రెడరిక్ వైజ్‌మన్ తీసిన 'హాస్పిటల్' (1970). రెండూ పేదలు వచ్చే ప్రభుత్వాసుపత్రులే. రెండింటిలోనూ వ్యాఖ్యాత గొంతు వినబడదు.

నిక్స్ చేసిన మొదటి మంచిపని కెమెరాను కుర్చీల మధ్య నిలపడం. గొంతు వాచిన చిన్న పాప, పక్కనే దిగులుగా తండ్రి. నడుము నొప్పితో కూర్చోలేని, తివాచీలు పరిచే కార్మికుడు. వృషణంలో కణితి ఉందని తేలినా, బీమా లేదని ప్రైవేటు ఆసుపత్రి తిప్పి పంపిన యువకుడు. వీరి మధ్య తిరుగుతూ, తిట్టేవాణ్ణి మందలిస్తూ, బెంగపడినవారిని నవ్విస్తూ ఒక సహాయక నర్సు. ఆమెను నాయిక అని చిత్రం ఎక్కడా ప్రకటించదు. అయినా చిత్రానికి ప్రాణం ఆమే.

తుపాకీ గుండు తగిలిన ఒక కుర్రవాణ్ణి లోపలికి తెస్తారు. అతడు బతకడు. లోపల అతని కోసం డాక్టర్లు పరుగెత్తిన కొద్దీ బయట వరుస ఆగిపోతుంది. గొంతు నొప్పి పాప మరికొంత సేపు కూర్చోవాలి. ఒకరి ప్రాణం, మరొకరి ఓర్పు ఒకే గడియారం మీద నడుస్తున్నాయని చూపడమే ఈ చిత్రం సాధించిన గొప్ప విషయం. మాదక ద్రవ్యాల వ్యసనంతో వచ్చిన ఒక మనిషి సంగతీ అంతే. చికిత్స అయింది, కాని పోవడానికి ఇల్లు లేదు. మంచం ఖాళీ చేయిస్తే అతడు వీధిన పడతాడు. చేయించకపోతే బయటివారికి మంచం లేదు. ఆ డాక్టరు తటపటాయింపులో ఉన్న నాటకం ఏ ఎర్రదీపంలోనూ లేదు.

అయితే లోపాలు లేకపోలేదు. నెలల తరబడి తీసిన దృశ్యాలను నిక్స్ ఒక్క రోజు కథగా కూర్చాడు. దానివల్ల చిత్రానికి బిగువు వచ్చింది. కాని ప్రభుత్వాసుపత్రి జీవితంలో ముఖ్యమైనదొకటి జారిపోయింది. అదేమిటంటే తిరిగి రావడం. పేదవాడు ఆసుపత్రికి ఒకసారి రాడు. మందులు అయిపోయినప్పుడు వస్తాడు, పుండు మానకపోతే వస్తాడు, చూపించుకోవడానికి వేరే చోటు లేక వస్తాడు. ఒక్క రోజు చట్రంలో ఆ రాకపోకలు పట్టవు.

రెండవ లోపం ఇంతకన్న పెద్దది. బిల్లు ఎలా కట్టాలన్న ఆందోళన రోగుల నోట వినిపిస్తుంది గాని, గొంతు నొప్పితో కూడా అత్యవసర విభాగానికే ఎందుకు రావాలో చిత్రం విప్పి చూపదు. 1986 నాటి అమెరికా చట్టం ప్రకారం, మెడికేర్ నిధులు పుచ్చుకొనే ఆసుపత్రులు అత్యవసర విభాగానికి వచ్చినవారిని, డబ్బు ఉన్నా లేకపోయినా పరీక్షించి, ప్రాణాపాయ స్థితి నుండి తప్పించాలి. మామూలు వైద్యానికి అలాంటి హామీ లేదు. అందుకే బీమా లేనివారిలో చాలామంది ఆ తలుపే తడతారు. ఈ సంగతి తెలియని ప్రేక్షకుడికి రద్దీ ఒక ప్రకృతి వైపరీత్యంలా కనబడుతుంది.

ఇక్కడే వైజ్‌మన్ గొప్పవాడనిపిస్తాడు. ఆయన కూడా వివరించడు, కాని టెలిఫోను చూపిస్తాడు. సరైన వివరాలు లేకుండా రోగిని తమ మీదికి పంపిన మరో ఆసుపత్రిని ఒక డాక్టరు ఫోనులో నిలదీస్తాడు. ఒక యువకుడికి సంక్షేమ సాయం ఇప్పించమని మనోవైద్యుడు మరో ఫోనులో బతిమాలుతాడు. చివరికి అవతలివారు ఫోను పెట్టేస్తారు. ఆ అవతలి గొంతు మనకు వినబడదు. అయినా రోగి కష్టానికి ముడి ఎక్కడ పడిందో అర్థమవుతుంది. నిక్స్ మనకు మనుషుల మీద ప్రేమ కలిగిస్తాడు. వైజ్‌మన్ ఆ మనుషులను కట్టివేసిన తాడును చూపిస్తాడు. మంచి చిత్రణకు రెండూ కావాలని మా అభిప్రాయం.

మరొక హెచ్చరిక. అలసిన డాక్టరును త్యాగమూర్తిగా చూపడం సులభం. కాని మన మలేసియాలోనే 2021 జూలై 26న కాంట్రాక్టు డాక్టర్లు స్థిరమైన ఉద్యోగాలు కావాలని ప్రభుత్వాసుపత్రుల నుండి బయటికి నడిచారు. అలసటను దైవత్వంగా చూపే కళ ఆ కోరికను వినపడనీయదు.

ఇక మన సంగతి. రబ్బరు తోటల్లో, కొబ్బరి తోటల్లో మన తాతలకు వైద్యమంటే డ్రెస్సరు. జ్వరం నిజమో, పని ఎగ్గొట్టే సాకో తేల్చేవాడు అతడే. నేడు వారి సంతతి ప్రభుత్వాసుపత్రిలో చీటీ పుచ్చుకొని ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాల్లో ఏదో ఒకదానిలో కూర్చుంటుంది. తన వెనుక వచ్చినవారిని ముందు తీసుకుపోతే, ఆకుపచ్చలో కూర్చున్న అవ్వకు అది న్యాయమని ఎవరు చెప్పాలి? ఏ భాషలో చెప్పాలి?

పక్కన మనవడు ఉంటాడు. అవ్వ 'సలుపు' అంటుంది, 'పోటు' అంటుంది, 'పీకు' అంటుంది, 'మంట' అంటుంది. వీటిలో ఒక్కొక్కటి ఒక్కొక్క తీరు నొప్పి. మనవడికి ఆ తేడాలు తెలియవు. అన్నిటికీ కలిపి 'సాకిత్' అని మలయ్‌లో ఒక్క మాట చెబుతాడు. చీటీ మీద అదే పడుతుంది. అవ్వ చెప్పిన నాలుగు మాటలు ఆ బల్ల దగ్గరే ఆగిపోతాయి. భాష పోతే పద్యాలు పోతాయని మనం సభల్లో బాధపడుతూనే ఉన్నాం. నొప్పిని చెప్పుకొనే శక్తి కూడా పోతుందన్న మాట ఎవరూ అనడం లేదు.

ఈ దృశ్యాన్ని నిక్స్ తీయలేడు, వైజ్‌మన్ తీయలేడు. మన యువకులే తీయాలి. ఎర్రదీపం వద్దు, కళ్ళద్దాలు తీసే డాక్టరు వద్దు. బల్ల మీద అవ్వను కూర్చోబెట్టండి, ఆమెను అడిగి నొప్పి పేర్లన్నీ ముందు రాసుకోండి. ఆమె అనుమతి లేకుండా మాత్రం కెమెరా తెరవవద్దు. అటువంటి నాటిక గాని, కథ గాని, చిన్న చిత్రం గాని వస్తే ఈ పుటల్లో పరిచయం చేయడానికి మేము సిద్ధంగా ఉన్నాము.