లోపలి మనిషికి బయటి ప్రశ్నలు

తండ్రి రచయిత కావడం బిడ్డలకు గర్వకారణమే. ఆ తండ్రి డెబ్భై దాటిన వయసులో, పదవి పోయి కోర్టు కేసులు చుట్టుముట్టిన రోజుల్లో, 1998లో తన మొదటి నవల ప్రచురిస్తే ఆ గర్వం ఇంకా సహజం. పి.వి. నరసింహారావు విషయంలో జరిగింది ఇదే. 2020-21 శతజయంతి ఉత్సవాల నుంచి, 2024 మార్చిలో కుమారుడు ప్రభాకరరావు ఆయన తరఫున భారతరత్న స్వీకరించే దాకా, రాజనీతిజ్ఞుడు అన్న మాట పక్కన సాహితీవేత్త అన్న మాట వినిపిస్తూనే ఉంది. కొడుకుకూ కూతురికీ ఆ మాట చాలు. విమర్శకు చాలదు. నవలలో ఏముందో చూడాలి.

‘ది ఇన్‌సైడర్’ను కల్లూరి భాస్కరం ‘లోపలి మనిషి’గా తెలుగు చేశారు. ‘వేయిపడగలు’ను హిందీలోకి, ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చిన మనిషి తన సొంత కథకు ఇంగ్లీషును ఎంచుకున్నాడు. ఇది భాషకు సంబంధించిన విషయం మాత్రమే కాదు, ఎవరిని పాఠకుడిగా ఊహించుకున్నాడన్న విషయం కూడా. ఆఫ్రోజాబాద్ అనే కల్పిత రాష్ట్రం, ఆనంద్ అనే నాయకుడు, ముఖ్యమంత్రుల ముఠా తగాదాలు, వాటి మధ్య భూసంస్కరణలు. మంత్రివర్గ గదుల్లో ఒక చట్టం ఎలా నీరుగారుతుందో ఇంత దగ్గరగా చూపిన నవల మనకు అరుదు. ఈ బలాన్ని ఒప్పుకోవాలి.

అయితే ఈ వ్యాసం నిజామాబాదు నుంచి రాస్తున్నాను గనక ఒక మాట అడగక తప్పదు. 1972లో శాసనసభ ముందుకొచ్చి 1973లో చట్టమైన భూపరిమితి ప్రకారం తరి భూమి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54. నిజాంసాగర్ కాలువ కింద చెరకు పండే బోధన్ ప్రాంతంలో ఏది తరి, ఏది మెట్ట అన్న ఒక్క రాత మీద ఒక కుటుంబం గతి మారుతుంది. ఆ రాత రాసేది పట్వారీ. రాయించేది దొర. భూమి దాచుకోవడానికి తండ్రులు కొడుకుల పేర కాగితాలు పుట్టించిన కాలమది! పి.వి. తన కుటుంబ భూమిని వదులుకున్నాడన్నది ఆ ఇంటివాళ్లు గర్వించదగ్గ సంగతే. కాని నవలలో మనం దొరను చూస్తాం, మంత్రిని చూస్తాం, మధ్యలో ఊగే ఆనంద్ మనస్సాక్షిని చూస్తాం. భూమి రావలసిన పాలేరు మాత్రం ఎక్కువగా సంఖ్యగా, సమస్యగా మిగిలిపోతాడు. లోపలి మనిషికి కిటికీలోంచి కనిపించినంతే కనిపించింది.

ఇది పి.వి.కి చేతకాని పని అనుకుందామా? అనుకోలేం. 1949లో ‘కాకతీయ పత్రిక’లో ‘విజయ’ పేరుతో ఆయన రాసిన ‘గొల్ల రామవ్వ’ ఉంది. నిజాం పోలీసులు తరుముతున్న యువకుణ్ణి గుడిసెలో దాచిన ముసలమ్మ కథ అది. అక్కడ చరిత్రను నడిపించేది రామవ్వ. ఆమె తెలివి, ఆమె తెగింపు, ఆమె నోటి మాట. రాసినవాడి పేరు మరుగున ఉంది, పీడితురాలి ముఖం స్పష్టంగా ఉంది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత రచయిత పేరు అట్టమీద పెద్ద అక్షరాల్లో ఉంది, రామవ్వ లేదు. ఈ రెండు రచనల మధ్య దూరాన్ని వయసు ఖాతాలో వేయడం తేలిక. అది వర్గస్థానం మారిన దూరం. చిన్న కథే పెద్ద నవల కన్నా పెద్ద రచన అని నా అభిప్రాయం.

ఇంకొక సంగతి. నవల డెబ్భైల మొదటి సంవత్సరాల దగ్గరే ఆగుతుంది. 1991 అందులో లేదు. రెండో భాగం రాలేదు. శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం షుగర్ ఫ్యాక్టరీని 2002లో ప్రైవేటు చేతుల్లో పెట్టింది రాష్ట్ర ప్రభుత్వమే, నిజమే. కాని ఆ దారి 1991లో వేసిందే. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించి గేటు మూసినప్పుడు రోడ్డున పడ్డ కార్మికుడికీ కొడుకులున్నారు, కూతుళ్లున్నారు. గానుగ సీజనులో మూడు షిఫ్టులు నడిపిన తండ్రి గురించి వాళ్లకూ గర్వముంది. ఆ తండ్రులు పుస్తకాలు రాయలేదు. ఆనంద్ ప్రధాని అయ్యాక తీసుకున్న నిర్ణయాలను ఆ నవలాకారుడు తానే విచారణకు పెట్టి ఉంటే, ఆ పేజీలను అందరికన్నా ముందు చదవవలసినవాళ్లు వీళ్లు.