నోరు కట్టే షరతు: అక్కడా, ఇక్కడా

2024 తెలంగాణ డీఎస్సీలో రాష్ట్రమంతా కలిపి 11,062 పోస్టులు. అందులో పేరు రాని బీఈడీ అభ్యర్థులకు జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల్లో ఎక్కువగా కనిపించే దారులు రెండు. ఒకటి దగ్గర్లోని ప్రైవేట్ బడి. రెండోది హైదరాబాద్‌లోని ఏదో కన్సల్టెన్సీ ద్వారా గల్ఫ్ బడి. జీతంలోగానీ వసతిలోగానీ ఈ రెండింటికీ పోలికే లేదు. నియామక పత్రంలో మాత్రం ఒక షరతు రెండు చోట్లా ఎదురవుతుంది: బడి వ్యవహారాలు, జీతం వివరాలు బయట చెప్పరాదు. గల్ఫ్ ఒప్పందంలో అది పేరా నిండా ఉంటుంది. ఇక్కడ ఒక్క వాక్యంతో సరిపెడతారు, చాలాచోట్ల అదీ నోటిమాటే. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే అసలు తేడా రాతలో లేదు, దాని వెనక నిలబడే చట్టంలో ఉంది.

ముందు ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం. పిల్లల మార్కులు, జబ్బులు, ఇంటి గొడవలు, ప్రశ్నపత్రాలు టీచర్ దగ్గరే ఆగిపోవాలి. దీనిమీద ఎవరికీ పేచీ లేదు. మన 2012 పోక్సో చట్టం బాధిత పిల్లల ఆనవాళ్లు బయటపెట్టొద్దంటుంది. అదే చట్టం, నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోతే శిక్ష అంటుంది. యూఏఈలో 2016 నాటి బాలల హక్కుల చట్టం, వదీమా చట్టమని పిలిచేది, పిల్లలకు ముప్పుందని తెలిస్తే టీచర్లు బాలల రక్షణ విభాగానికి చెప్పి తీరాలంటుంది. ఏది దాచాలో, ఏది చెప్పాలో ఇక్కడ చట్టమే తేల్చేసింది. యాజమాన్యం రాసుకున్న షరతుకు దాన్ని మార్చే శక్తి లేదు.

చిక్కంతా జీతం దగ్గర. ఒకే స్టాఫ్‌రూమ్‌లో ఒకే సబ్జెక్టు చెప్పే ఇద్దరిని విడివిడిగా పిలిచి, ‘నీకే ఎక్కువిస్తున్నాం, ఎవరితో అనకు’ అని చెప్పే పద్ధతి మన ప్రైవేట్ బళ్లలో పాతదే. దీనివల్ల పోయేది ఆ ఇద్దరి మధ్య స్నేహమొక్కటే కాదు. 1994 జనవరి 1న వచ్చిన జీవో 1 ప్రకారం ఫీజుల ఆదాయంలో 50 శాతం జీతాలకు, 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ, బీమాలకు వెళ్లాలి, యాజమాన్యం వాటా 5 శాతమే. ఎవరి జీతం ఎంతో ఎవరికీ తెలియకపోతే ఈ లెక్క సరిచూసేదెవరు?

గల్ఫ్‌లో ఇదే గోప్యత మరో రకంగా దెబ్బతీస్తుంది. మొదట వెళ్లిన టీచర్ చేతికి నిజంగా ఎంతొస్తోంది, వసతికి ఎంత కోత, ఏజెంటుకు ఎంత కట్టింది అన్నవి చెప్పకపోతే, మరుసటేడు అదే కన్సల్టెన్సీ మెట్లెక్కే మహబూబాబాద్ అమ్మాయి కళ్లు మూసుకునే సంతకం పెట్టాలి. లైసెన్సున్న ఏజెంటు 30 వేలు, దానిమీద జీఎస్టీ తప్ప తీసుకోరాదన్న నిబంధన ఉన్నా, కట్టినవాళ్లు నోరు విప్పితేనే కదా తెలిసేది. పైగా పదో తరగతి దాటినవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ అక్కర్లేదు. యూఏఈకి పోయే నిరక్షరాస్య కూలీ ఒప్పందాన్ని ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం చూస్తుంది, బీఈడీ చదివిన టీచర్ ఒప్పందాన్ని చూసే నాథుడు లేడు. చదువుకున్నందుకే ఆ కాపలా పోయింది.

ఇక చట్టాల బలం చూద్దాం. యూఏఈ 2021 కార్మిక చట్టం (నం. 33) ఉద్యోగి పని రహస్యాలు కాపాడాలని నేరుగా చెబుతుంది. దానికి తోడు అదే ఏడాది సైబర్ నేరాల చట్టం (నం. 34) ఉంది: ఆన్‌లైన్‌లో ఒకరిని కించపరిస్తే జైలు, రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా. ప్రిన్సిపాల్ మీద కోపంతో వాట్సాప్‌లో పెట్టిన నాలుగు ముక్కలు ఇల్లు గుల్ల చేయగలవు. అయితే ఆ దేశంలోనే ప్రైవేట్ బడి టీచర్ కార్మిక చట్టం నీడలో ఉంటుంది. పాస్‌పోర్టు లాక్కోవడం నిషిద్ధం. మానవ వనరుల శాఖకు ఫిర్యాదు చేయవచ్చు, 2024 నుంచి 50 వేల దిర్హమ్‌ల లోపు వివాదాలను ఆ శాఖే తేల్చేస్తోంది.

మన దగ్గర సరిగ్గా తలకిందులు. 1872 కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం కోర్టుకు వెళ్లనివ్వని షరతు చెల్లదు. ఉద్యోగం మానేశాక వేరే బడిలో చేరొద్దనే షరతుకు 27వ సెక్షన్ అడ్డు. బేరమాడే బలం లేనివాడిమీద రుద్దిన అన్యాయపు షరతు నిలవదని 1986లో బ్రోజోనాథ్ గంగూలీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ 1988లో సుందరాంబాళ్ కేసులో అదే కోర్టు, అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్ ‘వర్క్‌మన్’ కాదని తేల్చింది. లేబర్ కోర్టు తలుపు అక్కడే మూసుకుంది. జనగామ టీచర్ ఫేస్‌బుక్‌లో రాసుకున్నా లక్షల జరిమానా భయం లేదు. అయినా రాయడు. ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటే ఎవరు రాస్తారు?

యూఏఈలో ఫిర్యాదు చేయొచ్చు, నలుగురికీ చెప్పుకోరాదు. ఇక్కడ చెప్పుకోవచ్చు, ఫిర్యాదుకు పోదామంటే దగ్గర్లో కిటికీ లేదు. ఆ కిటికీ ఉంటే ఏమవుతుందో అమెరికాలోని మేరీలాండ్ చూపింది. అక్కడ హెచ్-1బీ వీసా ఫీజులు యాజమాన్యమే భరించాలి. ప్రిన్స్ జార్జెస్ కౌంటీ బడుల విభాగం వాటిని విదేశీ టీచర్ల నెత్తిన వేసింది. కార్మిక శాఖ విచారణ జరిపాక 2011లో వెయ్యి మందికి పైగా టీచర్లకు సుమారు 42 లక్షల డాలర్లు చెల్లించేందుకు ఒప్పుకుంది. వాళ్లలో ఎక్కువమంది ఫిలిప్పీన్స్ వాళ్లు. బ్రిటన్ 2010 సమానత్వ చట్టం మరో మెట్టు ముందుకెళ్లింది. వివక్ష ఉందేమోనని జీతాలు పోల్చుకునే సంభాషణను ఏ ఒప్పందమూ ఆపలేదంది.

కాబట్టి గోప్యత షరతును ఎత్తేయమనడం తెలివి కాదు, దానికి హద్దు గీయించాలి. జీతం, ఏజెంటుకు కట్టిన సొమ్ము, పిల్లల భద్రత, అధికారులకూ ఎంబసీకీ చేసే ఫిర్యాదులు ఈ షరతు కిందికి రావని ఒక్క వాక్యం చేరిస్తే చాలు. విదేశీ ఉద్యోగాలు చూపే రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉపాధ్యాయ కొలువులు చేపట్టినప్పుడైనా దీన్ని పట్టుబట్టాలి. ఇక్కడ బడుల గుర్తింపు రెన్యువల్ చేసేటప్పుడు విద్యాశాఖ జీవో 1 లెక్క అడగాలి. ఆ వాక్యం రాయడానికి ఒప్పుకోని బడి దాచాలనుకుంటున్నది పిల్లల వివరాలు కావని టీచర్‌కు సంతకానికి ముందే తెలిసిపోతుంది.