దరి అందని నీళ్ళలో

ట్రయథ్లాన్‌లో మొదట ఈత, తర్వాత సైకిల్, చివర పరుగు. గోవాలో 2019లో మొదలైన ఐరన్‌మ్యాన్ 70.3 పోటీలో సముద్రంలో ఈదాల్సింది 1.9 కిలోమీటర్లు. ఆపైన 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. మొత్తం దూరంలో ఈత వాటా రెండు శాతం కూడా లేదు, కానీ నిద్ర పట్టనివ్వనిది అదే. స్విమ్మింగ్ పూల్‌లో గంటసేపు ఆగకుండా ఈదేవాళ్ళు కూడా సముద్రంలో నాలుగు బారలు వేయగానే ఊపిరాడక తల పైకెత్తేస్తారు. దీన్ని పిరికితనమనో, సాధన చాలకనో అనుకోవడం పొరపాటు. లోపం ఈత నేర్చుకున్న వరసలో ఉంది. సరైన వరస ఏదో తెలియాలంటే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయ బావుల్లో పిల్లలకు ఈత ఎలా నేర్పేవారో చూడాలి.

పూల్‌లో అడుగు కనిపిస్తుంది, పాతిక మీటర్లకో గోడ దొరుకుతుంది. అక్కడ నేర్చుకునేది ముందుకు పోవడం. ఆగాలనుకుంటే కాళ్ళు కింద ఆనించవచ్చు కాబట్టి, నీళ్ళలో ఆగడమనే విద్య విడిగా నేర్చుకునే అవసరమే రాదు. మోటబావిలో ఆ సౌకర్యం లేదు. పచ్చగా, చిక్కగా ఉండే ఆ నీళ్ళలో అడుగెక్కడుందో మొదటిరోజు నుంచీ తెలియదు. నేర్పే పెద్దమనిషి పిల్లవాడి నడుముకు తాడు కట్టి, రెండో కొస తన చేతిలో పట్టుకుని మెట్టు మీద నిలబడతాడు. వీపుకు బెండ్లో, ఎండిన సొరకాయ బుర్రో కడతాడు. తర్వాతి రోజుల్లో ట్రాక్టర్ ట్యూబు, ప్లాస్టిక్ డబ్బా ఆ పని చేశాయి. పిల్లవాడు నీళ్ళకు అలవాటు పడుతున్నకొద్దీ బెండ్లు ఒక్కొక్కటే తగ్గిస్తూ పోతారు. చివరి బెండు తీసేసేసరికి వాడు దాని మీద ఆధారపడటం ఎప్పుడో మానేసి ఉంటాడు. భయపెట్టేదాన్ని కొద్దికొద్దిగా ఎదుర్కోవడమే ఇవాళ మనోవైద్యులు భయాలకు చేసే చికిత్స. బావిగట్టు మీద దానికి పేరు లేదు, అంతే. కుక్కఈత ఈదుతుండగానే నిలబడ్డచోటే నీళ్ళు తొక్కడం, వెల్లకిలా తేలడం కూడా వస్తాయి. గట్టు మీంచి దుంకి, మునిగి, తేలడం ఆ తర్వాత. వేగం గురించి ఎవరికీ పట్టింపు ఉండదు.

ఈ వరస ఎందుకు పనిచేస్తుందో శరీరధర్మం చెబుతుంది. భయపడ్డవాడు ఊపిరి బిగబడతాడు. లోపల కార్బన్ డయాక్సైడ్ పెరిగి గాలి చాలడం లేదనిపిస్తుంది, దాంతో భయం ఇంకా ముదురుతుంది. గాలి కోసం తల ఎత్తితే కాళ్ళు కిందికి దిగిపోతాయి, తేలడానికి మరింత శ్రమ పడాలి, ఆయాసం రెట్టింపవుతుంది. వెల్లకిలా తిరిగి, చెవులు నీళ్ళలో మునిగేలా తల వెనక్కి వాల్చి, నిదానంగా ఊపిరి వదిలితే ఈ గొలుసు తెగుతుంది. బ్రిటన్‌లో సముద్ర రక్షణ సంస్థ ఆర్ఎన్ఎల్ఐ ప్రజలకు నేర్పుతున్నది కూడా ఇదే: ప్రమాదంలో పడితే ముందు ఈదకు, తేలు. అక్కడ చన్నీళ్ళ దెబ్బకు మనిషి ఊపిరి ఎగబీలుస్తాడు. ఆ దెబ్బ మన నీళ్ళలో అంతగా ఉండదు. గోవాలో ఊపిరాడనివ్వనిది గుంపూ, ఆత్రమూ.

ఇదంతా మనసులోని భయమేనా, గుండె సంగతేమిటి అని అడగవచ్చు. అడగాల్సిందే. అమెరికా ట్రయథ్లాన్లలో 1985 నుంచి 2016 దాకా జరిగిన 135 మరణాలు, గుండె ఆగిపోయిన ఘటనలను 2017లో ఒక అధ్యయనం పరిశీలిస్తే, 90 ఈతలోనే జరిగాయి. శవపరీక్షలు జరిగినవాళ్ళలో పలువురికి అంతకుముందు బయటపడని గుండె లోపాలున్నాయి. కాబట్టి నలభై దాటినవాళ్ళకు గుండె పరీక్ష ముందు, ధైర్యం తర్వాత. ఛాతీలో నొప్పిని భయమని సర్దిచెప్పుకుని ఈదకూడదు. ఇంకో ఆక్షేపణ ఇంతకన్నా బలమైనది: ఈ జిల్లాల్లో బావులూ కాలువలూ ఏటా పిల్లల్ని మింగుతున్నాయి కదా! నిజమే. అయితే తాడు పట్టుకునే పెద్ద లేనిచోట దిగడాన్ని బావి ఈత అనలేం. అది ఒంటరి సాహసం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ అయితే అసలు ఈతకు తగినది కాదు. నిలవనీళ్ళలో నేర్చిన విద్య ఆ ప్రవాహానికి సరిపోదు, నాచుపట్టిన కాంక్రీటు వాలు చేతికి పట్టు ఇవ్వదు. 1967లో సాగర్ కాలువలకు నీళ్ళు వదిలాక ఆయకట్టులో మోట అవసరం తగ్గింది, మెట్ట ఊళ్ళలో బోర్లు వచ్చాయి. బావులు పూడి, నేర్పే పెద్దలూ తగ్గి, పిల్లలకు మిగిలింది కాలువే.

బావి ఈతను ఆకాశానికెత్తడం కూడా నాకిష్టం లేదు. ఆడపిల్లలకు అది దక్కింది తక్కువ. ఏ బావిలో ఎవరు దిగవచ్చన్నది చాలా ఊళ్ళలో కులం నిర్ణయించింది. చిన్నప్పుడు నేర్వకపోతే ఇక రాదన్న మాట మాత్రం నిలవదు. హైదరాబాద్‌కు చెందిన గోలి శ్యామల నలభై దాటాక ఈత నేర్చుకుని, 2021 మార్చిలో శ్రీలంక నుంచి ధనుష్కోటి దాకా సుమారు 30 కిలోమీటర్ల పాక్ జలసంధిని ఈదారు. బావి నేర్పనివీ ఉన్నాయి. అలల్లో తిన్నగా పోవడం, కొన్ని బారలకోసారి కళ్ళు పైకెత్తి నీళ్ళ మీద తేలే గుర్తు బోయాను చూసుకోవడం, పక్కవాళ్ళ కాళ్ళు తగిలినా లయ తప్పకపోవడం పెద్ద నీళ్ళలోనే అలవడతాయి. వాటికి ముందు మిర్యాలగూడ నుంచి గోవాకు సిద్ధమయ్యేవాళ్ళు పూల్‌లో లోతైన వైపు, గోడ ముట్టకుండా పది నిమిషాలు నీళ్ళు తొక్కి, వెల్లకిలా తేలి, మళ్ళీ ఈత అందుకోవడం సాధన చేయాలి. గట్టు మీద కనిపెట్టుకుని ఉండే మనిషి తప్పనిసరి. పోటీలో ఊపిరి తప్పితే బోయానో, కాపలా పడవనో పట్టుకుని సేదతీరవచ్చు. దాని ఆసరాతో ముందుకు జరగనంతవరకు నియమాలు ఒప్పుకుంటాయి.