చీకటిని నడిపే చేతులు

లండన్ ఫార్చ్యూన్ థియేటర్‌లో 1989 నుంచి 2023 దాకా ఆడిన దెయ్యం నాటకం ‘ద వుమన్ ఇన్ బ్లాక్’లో మాటలన్నీ ఇద్దరు నటులవే. పేముతో అల్లిన పెట్టే వాళ్లకు గుర్రబ్బండి. నేను మొక్కేది మాత్రం తెర వెనక మనుషులకు. వేదికకు అడ్డంగా పల్చటి జాలీ గుడ్డ వేలాడుతుంది. ముందునుంచి వెలుగు పడితే అది గట్టి గోడ. ముందు దీపం తగ్గించి వెనక దీపం పెంచితే గోడ మాయమై పసిపిల్లల గది బయటపడుతుంది. రెప్పపాటు తొందరపడినా, ఆలస్యమైనా భయం పుట్టదు. బురదలో కూరుకుపోయే బండి చప్పుడు, పిల్లవాడి కేక స్పీకర్లలోంచే వస్తాయి. సినిమాలో దెయ్యం ఎప్పుడూ ఒకే క్షణాన వస్తుంది. ఇక్కడ ఆ రాత్రి నటుడు ఎంతసేపు ఆగాడో, హాలు ఎంత బిగుసుకుందో గమనించి మీట నొక్కాలి. ఇంతకన్నా కష్టమైన తాళజ్ఞానం నేను ఎరగను.