గోడ అవతలి పార్టీ

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల గోడలు కనపడవు, కోచింగ్ ఫ్లెక్సీలే కనపడతాయి. కమర్షియల్ జాగాలు అమ్మిపెట్టే ఏజెంటుకి అవే కబుర్లు. ఎండకు వెలిసినా మార్చని ఫ్లెక్సీ ఏది, రెండో అంతస్తుకూ పాకిన ఇన్‌స్టిట్యూట్ పేరు ఏది, టూలెట్ బోర్డు ఎన్నాళ్లుగా వేలాడుతోంది... టీ తాగే లోపు అన్నీ చూసేస్తాడు.

ఇల్లు కొనేవాళ్లు తూర్పు వాకిలి, పిల్లల బడి అడుగుతారు. మడిగె, అంటే దుకాణం గది, కొనేవాడు అద్దె అడుగుతాడు. అందుకే పని తెలిసిన ఏజెంటు తాళంచెవి కన్నా ముందు అద్దె అగ్రిమెంటు చేతికి తీసుకుంటాడు. అద్దె ఎంత, ఏడాదికి ఎంత పెరుగుతుంది, అడ్వాన్సు ఎంత ఉంది, గడువు ఎప్పుడు తీరుతుంది? యజమాని మారినా గడువులో ఉన్న ఒప్పందం మారదు, కొన్నవాడి నెత్తికే వస్తుంది.

పంజాగుట్టలో ఒక మడిగె 90 లక్షలు చెబుతున్నారని, అద్దె నెలకు 40 వేలని అనుకుందాం. ఏడాదికి 4.8 లక్షలు, అంటే అయిదు శాతం పైనే. మామూలు బ్రోకరు ఇక్కడితో ఆపి నవ్వుతాడు. మంచివాడు ఇంకా లెక్క వేస్తాడు. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం వేస్తే ఖర్చు 96.75 లక్షలు. ఏడాదిలో ఒక నెల ఖాళీ అనుకుంటే చేతికొచ్చేది 4.4 లక్షలు. రాబడి నాలుగున్నర శాతం దగ్గరికి దిగింది, ఆస్తి పన్ను ఇంకా కట్టలేదు. ఈ లెక్కను తనే వేసి చూపించే ఏజెంటంటే నాకు గౌరవం. అది నిజాయితీ అనే కాదు, అందులో పెద్ద తెలివి ఉంది. అద్దె కోసం కొనేవాడు ఈ ధర దగ్గర వెనకాడతాడు, సొంతానికి వాడుకునేవాడు వెనకాడడు. పార్టీని ఎక్కడ వెతకాలో లెక్కే చెప్పేసింది.

కాబట్టి ముందు ఆ మడిగెలో అద్దెకున్నవాడి దగ్గరికి వెళ్తాడు. తర్వాత కుడి ఎడమ పక్కల వాళ్లు, ఆపైన పై అంతస్తు. "అన్నా, పక్కది అమ్మకానికొచ్చింది. బయటోళ్లకు చెప్పకముందే నీ చెవిన వేద్దామని వచ్చిన" అంటాడు. అంతే, ఇంకేం పొగడడు. మధ్యగోడ తీస్తే కొట్టు రెండింతలవుతుందని పక్కవాడికి ఒకరు చెప్పాలా? నిమ్స్ ఆసుపత్రి దరిదాపుల్లో అయితే అద్దె గదుల్లో క్లినిక్ నడుపుతున్న డాక్టరు గారు, ల్యాబు వాళ్లు అతని డైరీలో ముందే ఉంటారు.

మెట్రో ఈ వీధుల విలువను కొత్తగా పంచింది. 2017 నవంబరులో రైళ్లు మొదలయ్యాయి. ఎరుపు, నీలం లైన్లు కలిసే చోటు అమీర్‌పేట స్టేషనే. 'మెట్రోకి దగ్గర' అని ఎవడైనా అంటాడు. ఇతను మెట్లు ఎక్కడ దిగుతాయి, దిగిన జనం ఎటు తిరుగుతారు, పిల్లరు బోర్డుకి అడ్డమొస్తుందా అని సాయంత్రం రద్దీలో నిలబడి చూస్తాడు. ఒకే వరసలో రెండు మడిగెలకు ధర ఎందుకు తేడానో అక్కడే తెలుస్తుంది.

కాగితాల పని చూసేవాళ్లకు విసుగు, నాకైతే ముచ్చట. లింకు డాక్యుమెంట్లు, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), మంజూరు ప్లాను, భూమిలో వాటా అన్నీ చూస్తాడు. సెల్లారులో పార్కింగుకని చూపి గోదాము చేశారా అని ప్లాను పట్టుకుని దిగి మరీ చూస్తాడు. అమ్మేవారు ఏ దేశంలో ఉంటున్నారని బయానాకి ముందే అడుగుతాడు. ఇక్కడివారైతే 50 లక్షలు, ఆపైన ధరకు కొనేవాడు ఒక శాతం టీడీఎస్ పట్టుకుంటే చాలు, ప్రవాసులైతే ఆ లెక్కే వేరు, కోత పెద్దది. 2016 నాటి రెరా చట్టం ఏజెంటుకి రిజిస్ట్రేషన్ అడిగేది బిల్డర్లు అమ్మే ప్రాజెక్టులకే. పాత మడిగెలు చేతులు మారేచోట అతని పేరే అతని లైసెన్సు.

రిజిస్ట్రేషన్ అయ్యాక కమీషన్ తీసుకుని వెళ్లిపోతాడనుకుంటాం. కానీ అతని పని అక్కడితో అయిపోదు. పక్కవాడు మడిగె కొన్నాడంటే, గడువు తీరాక పాత అద్దెదారు ఖాళీ చెయ్యాలి. ఆయనకు ఎంత జాగా కావాలో, ఏ వీధి దాటి వెళ్లనంటాడో అప్పుడే అడిగి రాసుకుంటాడు.